ఒకటిన్నర మనిషి

మొదటి రోజు. ఇంటి సంఖ్య 1.0

పొద్దున ఆరింటికి గోడ మీద ఆ పిల్ల ముఖం వచ్చింది. ఆ ముఖం గల మనిషి అదే నిమిషంలో నా వెనక నిలబడి, నా పేస్టుతో, తన చూపుడువేలితో పళ్లు తోముకుంటోంది.

“జాడ కోరబడింది,” అంది గోడ. దాని గొంతు బాగుంటుంది, పెళ్లిలో రెండో పంక్తికి రండని పిలిచే పెద్దమనిషి గొంతులా. “పేరు యశ్విత. వయసు ఇరవై ఆరు. ఊరు కర్నూలు. కోరినవారు భర్త, హవిష్. గడువు ఈ ఉదయం పదకొండు గంటల నుంచి ఇరవై ఒక్క రోజులు. ఆచూకీ తెలిసినవారు ఇరవై నాలుగు గంటల్లోగా చెప్పవలెను.”

పిల్ల నోట్లో నురుగు మింగేసింది. ఉమ్మితే చప్పుడవుతుంది.

నేను రోజూ గోడతో ఏదో ఒకటి అంటాను. అనకపోతే దానికి అనుమానం. “పాపం, ఎవరి పిల్లో,” అన్నాను. గొంతు వణకలేదు. ముప్పై రెండేళ్లు లా కాలేజీలో సాక్ష్యాధార చట్టం చెప్పిన గొంతు అది, నిద్రపోతున్న క్లాసు ముందు కూడా వణకలేదు. చేతిలో కాఫీ మాత్రం గచ్చు మీద ఒలికింది.

గోడలకు చెవులుంటాయని మా నాయనమ్మ అనేది. ఆవిడ సామెత అనుకుంది, మా తరం దాన్ని జీవో చేసింది. ఇళ్లలో కళ్లు, అంటే కెమెరాలు, మాత్రం కూడదని కోర్టు ఆపింది. బాత్రూములో చెవులు కూడా కూడదంది. ఇంత పెద్ద రాజ్యాంగంలో మాకు మిగిలింది ఈ నాలుగడుగుల గది. అందుకే ఇక్కడ, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కాలేజీలో మిగిలిపోయిన ఆన్సర్ షీట్ల మీద ఇది రాస్తున్నాను. మార్జిన్లో ‘ఇక్కడ ఏమీ రాయరాదు’ అని అచ్చువేసి ఉంది. అక్కడ కూడా రాస్తున్నాను.

నా పేరు ప్రశాంతి. వయసు డెబ్బై నాలుగు. ఆ పేరు పెట్టినవాళ్లు కాస్త తొందరపడ్డారని నా శిష్యులందరి అభిప్రాయం.

పిల్ల నా హాస్టల్ స్నేహితురాలు రేణుక మనవరాలు. రేణుకా నేనూ నలభై ఏళ్లు పోస్టుకార్డులే రాసుకున్నాం. దాని ముఖం నేనెప్పుడూ ఫోనులో చూడలేదు, అది నా గొంతు ఏ యంత్రంలోనూ వినలేదు, అందుకే మా స్నేహం ఏ గోడకూ తెలియదు. పోయేముందు మనవరాలితో అందట, “నీకేమన్నా అయితే కాకినాడలో ప్రశాంతి దగ్గరికి పో, దాని నోటికి నీ మొగుడే కాదు, యముడూ జడుస్తాడు” అని. మొన్న తుఫానుకు ఊళ్లో నాలుగు గంటలు కరెంటు పోయింది, వీధుల్లో కళ్లూ మూసుకుపోయాయి. ఆ మధ్యాహ్నం ఉల్లిపాయల లారీలో కర్నూలు నుంచి వచ్చిన పిల్ల, మోకాలి లోతు నీళ్లలో నడిచి, నాలుగు అంతస్తులు ఎక్కి నా తలుపు కొట్టింది. ఒంటి నిండా ఉల్లివాసన. కుడిచేతి చిటికెన వేలు పక్కకు వంగి ఉంది.

“ఏమైందే వేలికి?” అన్నాను.

“తలుపులో పెట్టినాడు అవ్వా. తలుపేసినాడు.”



మూడో రోజు. ఇంటి సంఖ్య 1.0

ఇంటి సంఖ్య అంటే ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారని గోడ అనుకుంటోందో ఆ లెక్క. రోజూ ఆరింటికి చూపిస్తుంది. మన గురించి దానికేం తెలుసో మనకూ తెలియాలని చట్టం. ఉరితాడు ఎంత పొడవో ఖైదీకి చెప్పడం కూడా ఒక హక్కే మరి. ఒంటరి ఇంట్లో 1.7 దాటితే తనిఖీకి వస్తారు. జాడ దొరికితే భర్తకు తలుపు నంబరు వెళ్తుంది. అంతే. వెళ్లి కొట్టమని ఎవరూ చెప్పరు.

పిల్లకు ఇంటి మర్యాదలు నేర్పాను. నేను నడిచినప్పుడే నడవాలి, నా అడుగులో అడుగు వేసి. ముసలివాళ్లు పడిపోతే అంబులెన్సుకు చెప్పడానికి ఈ గచ్చు కింద ఏవో అమర్చారు, ఆ పుణ్యాత్ములు అడుగులు కూడా లెక్కపెడతారు. నేను తుమ్మినప్పుడే తుమ్మాలి. బియ్యం ఒక్క గ్లాసే. అందులోనే ఇద్దరం.

మధ్యాహ్నం హాల్లోంచి వంటింట్లోకి ఇద్దరం ముందూ వెనకా నడుస్తుంటే అద్దంలో కనిపించాం. పెళ్లిలో అప్పగింతల వరుసలా ఉంది. పిల్లకు నవ్వొచ్చింది. చెయ్యి కొరుక్కుంది. చేతి మీద పళ్ల గాట్లు పడ్డాయి.

ఐదో రోజు. ఇంటి సంఖ్య 1.1

పొద్దున గోడ ఒక ప్రకటన చూపించింది. “పొడవైన, చిక్కుపడే జుట్టుకు కొత్త షాంపూ.”

నాది చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టు. దానికి చిక్కుపడేంత ఓపిక లేదు. పిల్ల జడ నడుము దాటుతుంది. నీళ్లు ఎంతసేపు పారాయో, తూములోకి ఏం వెళ్లిందో చూసి లెక్కగట్టి ఉంటుంది.

ఎప్పుడూ ఇంతే. చట్టం కన్నా ముందు అంగడికి తెలుస్తుంది. అంగడికి మన మీద పగ లేదు, అమ్మాలంతే. అదే నాకు ఎక్కువ భయం. పగ ఉన్నవాడు అలసిపోతాడు.

“జుట్టు కత్తిరించేస్తా అవ్వా,” అంది పిల్ల బాత్రూములో.

“కత్తిరించి ఎక్కడ వేస్తావు? చెత్తబుట్టకూ తూకం ఉంది.”

ఒక విషయం రాయాలి. ఈ పిల్లకు చెప్పలేదు, కాగితానికి చెబుతాను. పదిహేడేళ్ల క్రితం మా ఆయన పాలప్యాకెట్‌కని వెళ్లి తప్పిపోయారు. అప్పటికే ఆయనకు మతిమరుపు, నన్ను వాళ్లక్క అనుకునేవారు. ఐదో రోజు గూడ్స్ షెడ్డు వెనక దొరికారు. దొరికేసరికి ప్రాణం లేదు. ఆ తర్వాత ఏర్పడిన కమిటీ ముందు నేను సాక్ష్యం చెప్పాను. “మనిషి ఎక్కడున్నాడో తెలిసిన యంత్రం ఊరంతా ఉండగా, అడిగే హక్కు నాకెందుకు లేదు?” అన్నాను. పేపర్లన్నీ ఆ వాక్యం వేశాయి. కుటుంబ జాడ చట్టం ఆ వాక్యం మీదే నిలబడింది.

కమిటీలో ఒక ముసలాయన ఉండేవాడు, మొండి మనిషి. “తప్పిపోయినవాళ్లు వేరమ్మా, తప్పించుకున్నవాళ్లు వేరు. మీ చట్టానికి ఆ తేడా తెలియదు,” అన్నాడు. ఇరవై ఒక్క రోజుల గడువు పట్టుబట్టి పెట్టించింది ఆయనే. ఆ గడువు దాటితే కోరినవాడి హక్కు పోతుంది, మళ్లీ అడగాలంటే కోర్టుకు వెళ్లి కారణం చెప్పుకోవాలి. గడువు వద్దని ఆ రోజు గంటన్నర వాదించింది నేను. బాగా వాదించాను కూడా. దేవుడి దయవల్ల ఓడిపోయాను.

ఎనిమిదో రోజు. ఇంటి సంఖ్య 1.3

తలుపు దగ్గర ఉచిత శాంపిల్ పడి ఉంది. విప్పి చూస్తే శానిటరీ ప్యాడ్లు. డెబ్బై నాలుగేళ్ల ముసలిదానికి. లోపల చీటీ, “మీ కోసం ప్రత్యేకంగా” అని.

 బాత్రూములోకి వెళ్లి పిల్లను అడిగాను. నిన్నటి నుంచేనట. నాకు చెప్పడానికి సిగ్గుపడి పాత గుడ్డలు వాడుకుంది. నాకు తెలియకముందే గోడకు తెలిసింది.

“నేను పోతా అవ్వా,” అంది. “నా వల్ల నీకు కష్టమైతాంది.”

“ఎక్కడికి పోతావు? గుమ్మం బయట కన్ను ఉంది. లిఫ్టులో ఉంది. మెట్ల మీద మూడున్నాయి.”

“మల్లా తుఫాను రాదా?”

“నా మేనల్లుడా ఏమిటి, పిలిస్తే రావడానికి?”

నవ్వింది. ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఒకేసారి. ఆకలి వల్ల ముఖం పీక్కుపోయింది. నాకూ మధ్యాహ్నం కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. “మీరు బాగానే ఉన్నారా?” అంది గోడ. “ఏకాదశి,” అన్నాను. అది పంచాంగం చూసుకుంది. తదియ. రాసుకుని ఉంటుంది.

తొమ్మిదో రోజు. ఇంటి సంఖ్య 1.3

తిండి కావాలి, కొనకూడదు. లెక్కలోకి రాకుండా ఈ భవనంలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే వస్తువు ఒకటే ఉంది. కూరగిన్నె.

పక్క ఫ్లాటు హిమబిందుది. నా ఈడుదే. మా వంటిళ్ల వెనక గిన్నెలు తోముకునే చోట రెండు ఫ్లాట్లకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ, దాని మీద ఇనుప గ్రిల్, గ్రిల్‌లో చిన్న తలుపు. ఆ తలుపు గడియ బిందు వైపు ఉంది. పదకొండేళ్ల క్రితం అపార్టుమెంటు సంఘం ఎన్నికల్లో కార్యదర్శి పదవికి ఇద్దరం నిలబడ్డాం. నేను ఓడిపోయి, అది గెలిచిన పద్ధతిని గురించి నాలుగు వాక్యాలు అన్నాను. నాలుగూ వ్యాకరణయుక్తంగానే ఉన్నాయి. అప్పటి నుంచి గడియ పడింది. గిన్నెలు ఆగిపోయాయి.

మాటలాగినా పద్ధతి చావలేదు. మా వైపు ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పంపరు. కూర వస్తే పచ్చడి పంపుతారు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేస్తారు. ఖాళీ గిన్నె ఇవ్వడమంటే ఇక మీ గడప తొక్కబోమని చెప్పడమే. ఎన్నికల తర్వాత కూడా, తన దగ్గర ఉండిపోయిన నా స్టీలు గిన్నెను బిందు రెండు లడ్లు వేసి పంపింది. కోపంతో చేసిన లడ్లు, రాళ్లలా ఉన్నాయి. అయినా వేసింది.

ఇవాళ వంకాయ కూర చేసి, గ్రిల్ సందులోంచి గిన్నె పెట్టి పిలిచాను.

“ఏంటే, సూర్యుడు ఎటు పొడిచాడు?” అంది బిందు.

“వంకాయలు లేతగా ఉన్నాయి. గుర్తొచ్చావు.”

“వంకాయల్ని చూసి గుర్తొచ్చానా! సరే, సంతోషం,” అని తీసుకుంది.

పదో రోజు. ఇంటి సంఖ్య 1.4

తప్పు చేశాను. చట్టం తెలిసినదాన్ని, వంట తెలిసినదాన్ని, అయినా చేశాను.

నిన్న నా మోకాలు నొప్పిగా ఉందని ఆ కూర పిల్ల చేసింది. నేను స్టూలు మీద కూర్చుని గరిట చప్పుడుకు తగ్గట్టు దగ్గుతూ ఉన్నాను. రుచి చూడలేదు, చూస్తే ఇద్దరికీ ఉండేది తగ్గుతుందని.

పొద్దున బిందు గ్రిల్ దగ్గరికి వచ్చింది. గిన్నెలో మజ్జిగ పులుసు తెచ్చింది. ఇచ్చి వెళ్లలేదు.

“వంకాయలో వేరుశెనగ పొడి వేశావు,” అంది.

“వేస్తే?”

“నలభై ఏళ్ల నుంచి నీ చేతి కూర తింటున్నాను. మధ్యలో పదకొండేళ్లు తీసెయ్యి. నువ్వు అల్లం, పచ్చిమిరపకాయ నూరి పెడతావు. ఇది నీ చెయ్యి కాదు.”

నా వెనక వంటింట్లో పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది. నేను ఆగిపోయినప్పుడు తన రెండో కాలు గాల్లో ఉండిపోయింది.

“ఎక్కడో చదివి చేశాను,” అన్నాను.

“ఎక్కడ చదివావు? నువ్వేం చదివినా గోడకు తెలుస్తుంది కదే.” బిందు నన్ను చూడడం లేదు, నా భుజం మీదుగా వంటింట్లోకి చూస్తోంది. “కర్నూలు వైపు అలా చేస్తారు. మా పెద్దాడపడుచు అక్కడిదే.”

కొంగు సర్దుకుని, మామూలు గొంతుతో అంది, “ఎల్లుండి మా ఆయనకు డయాలసిస్ ప్రశాంతీ. వారానికి మూడుసార్లు. ఒక్కటి తప్పినా మనిషి ఉబ్బిపోతాడు.”

వెళ్లిపోయింది.

ఆ చివరి మాట నాకు అర్థమైంది. ఆచూకీ తెలిసీ ఇరవై నాలుగు గంటల్లో చెప్పనివాళ్ల ఇంటిల్లిపాదికీ ఆరు నెలలు ఆసుపత్రి సేవలు బందు. ఆ సెక్షను నేను విద్యార్థులకు పాఠం చెప్పాను. చాలా సమర్థమైన నిబంధన అన్నాను.

పదకొండో రోజు. ఇంటి సంఖ్య 1.4

నిన్న తొమ్మిదింటి నుంచి ఇవాళ తొమ్మిదింటి దాకా లిఫ్టు ఆగిన ప్రతిసారీ పిల్లను బాత్రూములోకి తోశాను. పాలవాడు, కొరియర్, కింది ఫ్లాటువాళ్ల కోడలు, మళ్లీ కొరియర్.

తొమ్మిది దాటింది. ఎవరూ రాలేదు.

అంటే బిందు చెప్పలేదా? చెబితే, సాక్ష్యం గట్టిపడేదాకా వాళ్లు ఆగారా? మజ్జిగ పులుసు గిన్నెలో నేను గోంగూర పచ్చడి వేసి పంపాను. సాయంత్రం ఆ గిన్నెలో దిబ్బరొట్టె ముక్కలొచ్చాయి. బిందు ఒక్క మాట మాట్లాడలేదు. ముక్కలు ఇద్దరికి సరిపోయేటన్ని ఉన్నాయా, ఒకరికి ఎక్కువయ్యేటన్ని ఉన్నాయా అని లెక్కపెట్టాను. ఐదు. ఐదుతో ఏం తేలుతుంది?

పిల్ల మూడు తింది. నేను రెండు తిన్నానని చెప్పాను. నిజానికి ఒకటిన్నరే తిన్నాను, సగం దాని పొద్దుటికి దాచాను.

పదిహేనో రోజు. ఇంటి సంఖ్య 1.6

గిన్నెలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. సంఖ్య పెరుగుతూనే ఉంది. తిండి ఒక్కటే కాదు కదా, మనిషి ఊపిరికి గది వేడెక్కుతుంది, ఫ్యాను రవంత ఎక్కువ తిరుగుతుంది. బతికి ఉండటాన్ని ఎక్కడ దాచను?

పొద్దున గోడ అడిగింది, “మీ ఇంటికి అతిథులెవరైనా వచ్చారా? నమోదు చేసుకుంటే మీకే సౌకర్యం.”

“నా ఇంటికి ఎవరొస్తారు నాయనా, నా నోరు తెలిసీ?” అన్నాను.

“మీ సమాధానం నమోదైంది.”

అబద్ధపు వాంగ్మూలం. మూడేళ్లు. ఇదీ నేను చెప్పిన పాఠమే.

బాత్రూములో పిల్ల అంది, “అవ్వా, పక్కింటి తాతకు డయాలసిస్ ఆగిపోతే?”

“నీకెవరు చెప్పారు?”

“ఆ రోజు విన్న్యా కదా. ఆయప్ప సచ్చిపోతే ఆ పాపం నాది.”

“నీది కాదు, నాది,” అన్నాను. చట్టం సంగతి అప్పుడు చెప్పాను. మా ఆయన, గూడ్స్ షెడ్డు, కమిటీ, నా వాక్యం, అన్నీ. పిల్ల మొత్తం వింది. వంగిన వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“తాత దొరికినప్పుడు,” అంది చివరికి, “కాళ్లకు చెప్పులుండినాయా?”

పదిహేడేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న.

“ఒకటి ఉంది,” అన్నాను.

పిల్ల నా చేతి మీద చెయ్యి వేసింది. 

పంతొమ్మిదో రోజు. ఇంటి సంఖ్య 1.7

ఇది రెండు విడతలుగా రాస్తున్నాను. మొదటిది మధ్యాహ్నం రెండున్నరకు జరిగింది.

నిన్న బిందుకు గిన్నెలో పులిహోర పంపాను. ఇవాళ రెండున్నరకు గ్రిల్ మీద టక్‌మని చప్పుడైంది. వెళ్లి చూస్తే పిట్టగోడ మీద నా గిన్నె ఉంది. తోమి, తుడిచి పెట్టి ఉంది. ఖాళీగా.

మొదట ఒళ్లు మండింది. పులిహోర తిని ఖాళీ గిన్నె పంపుతుందా! ఎన్నికల్లో నేనన్న నాలుగు వాక్యాలకు కూడా లడ్లు వేసి పంపిన మనిషి. వాళ్లమ్మ పోయిన పదో రోజున కూడా నా గిన్నెలో బెల్లంముక్క వేసి ఇచ్చిన మనిషి.

ఆ మాట తట్టగానే కోపం మొత్తం దిగిపోయింది. ఆ మనిషి ఖాళీ గిన్నె ఇవ్వదు. చేతులు విరిగినా ఇవ్వదు. ఇచ్చిందంటే నోటితో చెప్పలేనిదేదో ఉంది. పొద్దున 1.7 చూసి, దాటితేనే కదా, రేపటిదాకా రారనుకున్నాను; మధ్యాహ్నానికే దాటి ఉంటుంది.

బిందు సంఘం కార్యదర్శి. తనిఖీకి వచ్చేముందు గేటు తీయించడానికి కార్యదర్శికి ముందే కబురొస్తుంది. బయటికి పొక్కనిస్తే నేరం. నోటితో అంటే దాని గోడ వింటుంది, కాగితం మీద రాస్తే సాక్ష్యమవుతుంది. ఖాళీ గిన్నె ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదు. నాకంటే బాగా చదువుకుంది సాక్ష్యాధార చట్టం.

గిన్నె తీస్తూ చూస్తే గ్రిల్ తలుపు గడియ తీసి ఉంది. పదకొండేళ్ల తుప్పు కింద రాలి ఉంది.

వాళ్లింట్లో ఇప్పుడు కూతురు, అల్లుడు, ఇద్దరు మనవలు ఉన్నారు, సెలవులకు వచ్చారు. ఆరుగురున్న ఇంట్లో ఏడో అడుగును ఏ గచ్చు పసిగడుతుంది? పిల్లలు సోఫా మీంచి దూకితేనే అక్కడ సంఖ్య ఎనిమిదవుతుంది.

పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చాను. నా అడుగులో అడుగు, చివరిసారి. పిట్టగోడ దాటించాను. అటు వైపు నుంచి ఒక గాజుల చెయ్యి వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుంది. బిందు ముఖం కనిపించలేదు. తలుపు పడింది, గడియ పడింది.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పిల్ల ఇప్పుడు బిందు చేతిలో ఉంది. చెబితే మొగుడి ప్రాణం గట్టెక్కుతుంది. నేనే పట్టుకెళ్లి అప్పగించానా?

రెండో విడత. నాలుగింటికి వచ్చారు, ముగ్గురు. ముందున్న అమ్మాయి ప్రణవి. నా శిష్యురాలే, రెండో బెంచి, మంచి మార్కులు.

“నమస్కారం మేడమ్. క్షమించండి, డ్యూటీ.”

“క్షమాపణ దేనికమ్మా, వారంటుందా?”

“ఉంది మేడమ్. చదివి వినిపించమంటారా?”

“వద్దు. ఆ ఫారం ముసాయిదా చూసిచ్చింది నేనే. మూడో పేరాలో ఒక కామా ఎక్కువుంది, ఇంకా అలాగే ఉందా?”

చూసుకుంది. “ఉంది మేడమ్.” నవ్వలేదు.

మంచం కింద, బీరువాలో, బియ్యం డబ్బాలో చూశారు. ఈ కాగితాలు నా చీర కుచ్చిళ్లలో ఉన్నాయి. ప్రణవి ఒక్కతే బాత్రూములోకి వెళ్లింది. తూము మీది జల్లెడ ఎత్తింది. పట్టకారుతో ఒక వెంట్రుక తీసింది. తీస్తూనే ఉంది, ఎంతకీ అవలేదు. నల్లగా, మూరెడుకి పైన.

మూడు వారాలు రోజూ నేనే ఆ జల్లెడ శుభ్రం చేశాను. ఇవాళ చెయ్యలేదు.

నా తల వైపు చూసింది. వెంట్రుక వైపు చూసింది. గొట్టంలో వేసి మూత బిగించింది.

“పరీక్షకు మూడు రోజులు పడుతుంది మేడమ్. అప్పటిదాకా ఊరు దాటకండి.”

“డెబ్బై నాలుగేళ్లమ్మా. వీధి దాటడానికే మోకాలు ఒప్పుకోదు.”

గుమ్మం దగ్గర ఆగి అంది, “మీరే చెప్పారు మేడమ్ క్లాసులో, మనిషి అబద్ధమాడొచ్చు, వస్తువు ఆడదు అని.”

“చెప్పాను. పరీక్షలో రాశావు కూడా. పదికి తొమ్మిది వేశాను.”

ఇరవయ్యో రోజు. ఇంటి సంఖ్య 1.5

పిల్ల లేదు. ఆ సగం మనిషి మాత్రం ఇంకా నా ఇంట్లోనే ఉంది, గోడ లెక్కలో.

బిందు వైపు నుంచి చప్పుడు లేదు. గిన్నె రాలేదు. పొద్దున తులసికి నీళ్లు పోస్తూ కనిపించింది. పలకరించాను. తల తిప్పుకుని లోపలికి వెళ్లింది. అది తెలివా, సిగ్గా?

అలవాటు కొద్దీ ఒక గ్లాసు బియ్యమే పెట్టాను. అన్నం మిగిలిపోయింది.

ఇరవై ఒకటో రోజు. ఇంటి సంఖ్య 1.3

పొద్దున అంబులెన్సు వచ్చింది. బిందు మొగుడిని వీల్‌చెయిర్‌లో దింపారు, డయాలసిస్‌కు. సేవలు ఆగలేదు.

ఆగలేదంటే రెండర్థాలు. బిందు దాచిన సంగతి ఎవరికీ తెలియలేదు, లేదా అది చెప్పేసింది. ఒకే సాక్ష్యం రెండు వైపులా పనికొచ్చినప్పుడు ఏం చెయ్యాలని విద్యార్థులు అడిగేవాళ్లు. ముద్దాయికి అనుకూలంగా తీసుకోవాలనేదాన్ని. చెప్పడం సులువు. సాయంత్రం దాకా వరండాలో కూర్చుని కింద వీధిలో ఆగే ప్రతి బండినీ చూశాను. ఒక కారులోంచి చొక్కా ఇస్త్రీ నలగని మగవాడు దిగి, తలెత్తి మా భవనం వైపు చూశాడు. హవిష్ ముఖం నేనెప్పుడూ చూడలేదు. కోరినవాళ్ల ముఖం గోడ చూపించదు, వాళ్లకు గోప్యత ఉంది. ఆయన ఫోను చూసుకుని ఎదుటి భవనంలోకి వెళ్లిపోయాడు. 

ఇరవై రెండో రోజు. ఇంటి సంఖ్య 1.1

పదకొండు గంటల ఒక నిమిషానికి గోడ అంది, “యశ్విత, కర్నూలు. జాడ లభించలేదు. గడువు ముగిసింది. కోరినవారి హక్కు రద్దు.” అదే గొంతు. ఆ వెంటనే వంటనూనె ప్రకటన.

ఒక్కదాన్నే హాల్లో నిలబడ్డాను. ఏడవకూడదు, ఎందుకని అడుగుతుంది. “నూనె ధరలు చూస్తే ఏడుపొస్తోంది,” అని ఏడిచాను.

ఒంటిగంటకు గ్రిల్ మీద టక్‌మంది. బిందు గిన్నె. మూత తీశాను. వంకాయ కూర. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వేరుశెనగ పొడి, కాస్త ఎక్కువే పడింది.

ఈ చెయ్యి నాకు తెలుసు.

గ్రిల్‌కు అవతల బిందు నిలబడి ఉంది. మూడు రోజుల్లో మూడేళ్లు పెద్దదైంది.

“ఎలా ఉంది కూర?” అంది.

“ఉప్పు తక్కువ,” అన్నాను.

“నీకెప్పుడు సరిపోయింది గనక,” అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అయిదింటికి మా అల్లుడు బస్టాండుకు వెళ్తున్నాడు. అంతలోపు గిన్నె ఇచ్చెయ్యి.”

రెండింటికి ప్రణవి దగ్గర్నుంచి కబురు గోడ మీదికి వచ్చింది. వెంట్రుక రెండో మనిషిదని తేలింది. అబద్ధపు వాంగ్మూలం మీద కేసు నెలాఖరుకు. అప్పటిదాకా ముందుజాగ్రత్తగా, రేపు పదింటికి వచ్చి నా ఇంట్లో కళ్లు కూడా బిగిస్తారు. బాత్రూము మినహాయింపు నాకు వర్తించదు.

రేపటి నుంచి ఈ బకెట్ మీద కూర్చుని రాయడానికి లేదు. రాసింది దాచుకోవడానికీ లేదు. భయంగా ఉంది. పిల్ల భయమంటే అడుగులో అడుగు వేసి నడిపించాను. నా భయానికి అడుగులు చూపించేవాళ్లు లేరు.

యశ్వితా, నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో నాకు తెలియదు, చెప్పొద్దు కూడా. హవిష్ కోర్టుకు వెళ్తే నువ్వూ వెళ్లి ఇవి చూపించు, బిందు పేరున్న షీట్లు మాత్రం తీసేసి. ఆ చట్టం రాయించిన మనిషి చేతిరాత అని చెప్పు. కమిటీలో ఆ ముసలాయన మాట కూడా చెప్పు, పేరు నాకు గుర్తులేదని చెప్పు.

నాలుగున్నరయింది. గిన్నె కడిగి తుడిచాను. ఖాళీగా ఇవ్వకూడదు. ఈ షీట్లు నాలుగు మడతలు పెడితే అడుగున సరిగ్గా పడతాయి. పైన అప్పడాలు పరుస్తాను.